చెట్టు కూలితేనే చెట్టు ఎదుగుతుందా? ఉష్ణమండల అడవుల్లో తెరపుల లెక్క

ఉష్ణమండల అడవుల గురించి రెండు మాటలు తరచూ ఎదురవుతాయి. ఒకటి: పెద్దచెట్టు కూలి పైనుంచి వెలుగు పడితే తప్ప కింద కొత్త చెట్లు ఎదగవు. రెండోది: అదంతా పాత సిద్ధాంతం, పనామాలో ఏళ్ళ తరబడి కొలిచి చూస్తే నిలబడలేదు. రెండింటి వెనకా నిజమైన కొలతలే ఉన్నాయి. చిక్కల్లా కొలిచినవాళ్ళు ఒకే ప్రశ్నకు జవాబు వెతకకపోవడంలో ఉంది. గింజ మొలవడానికి తెరపి కావాలా అన్నది ఒక ప్రశ్న. మొలిచిన మొక్క బతికి బట్టకట్టడానికి కావాలా అన్నది ఇంకొకటి. అది అడవి పైకప్పుదాకా చేరడానికి కావాలా అన్నది మూడోది. ఒకే చోట ఇన్ని రకాల చెట్లు కలిసి ఉండటానికి తెరపులే కారణమా అన్నది వీటన్నిటికీ వేరైన ప్రశ్న. వీటిని కలిపేసి ఒక్క జవాబు అడిగితే ఎటు చెప్పినా సగమే నిజమవుతుంది.

## తెరపి అంటే ఎంత ఖాళీ?

అడవి పైకప్పులో పడిన ఖాళీని ఇక్కడ తెరపి అంటున్నాం. అది ఎలా ఏర్పడిందన్నది ముఖ్యం. చెట్టు వేళ్ళతో సహా పెకలి పడితే ఒకవైపు గుంత, పక్కన మట్టిదిబ్బ ఏర్పడి, ఆకుచెత్త లేని పచ్చిమన్ను బయటపడుతుంది. మాను మధ్యలో విరిగితే నేల కదలదు, మోడు నుంచి మళ్ళీ చిగుళ్ళు రావచ్చు. నిలుచున్నచోటే ఎండిన చెట్టు కొమ్మకొమ్మగా రాలుతుంది కాబట్టి వెలుగు ఏళ్ళ మీద మెల్లగా పెరుగుతుంది. మూడింటినీ తెరపి అనే రాస్తారు గానీ, కింద ఉన్న గింజకు ఇవి మూడు వేర్వేరు సంగతులు.

కొలిచే పద్ధతులూ ఒకటి కావు. అడవి పరిశోధకుడు నికొలస్ బ్రోకా 1982లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, పైకప్పు నుంచి నేలకు సగటున 2 మీటర్ల ఎత్తుదాకా అన్ని అంతస్తులనూ చీల్చుకుంటూ నిలువుగా దిగిన ఖాళీయే తెరపి. పనామాలోని పెద్ద ప్లాటులో (కొలతల కోసం హద్దులు గీసిన అడవి ముక్కలో) మాత్రం అడవిని 5 మీటర్ల గళ్ళుగా విడగొట్టి, పైకప్పు 5 మీటర్లకన్నా తక్కువ ఎత్తున్న గడిని తెరపిగా లెక్కించారు. ఇంకో పద్ధతిలో చుట్టూ ఉన్న పెద్దచెట్ల మొదళ్ళదాకా కలుపుకుంటారు. ఒకే ఖాళీ ఒక పద్ధతిలో చిన్నదిగా, మరో పద్ధతిలో దానికి రెండు మూడింతలుగా రావచ్చు. అందుకే రెండు అధ్యయనాల చదరపు మీటర్లను నేరుగా పోల్చేముందు నిర్వచనం చూడాలి.

పైగా తెరపికి గట్టు ఉండదు. వెలుగు వాలుగా పడుతుంది కాబట్టి ఖాళీకి పక్కనున్న నీడలో కొన్ని మీటర్ల లోపలిదాకా వెలుతురు పెరుగుతుంది. కోస్టారికాలోని లా సెల్వా అడవిలో పనిచేసిన డయానా లీబర్మన్, మిల్టన్ లీబర్మన్ 1989లో ఇదే వాదించారు: అడవిని తెరపి, తెరపి కానిది అని రెండు ముక్కలు చేయడమే తప్పు, పైకప్పు మందం ప్రతిచోటా మారుతూ ఉంటుంది. ఈ అభ్యంతరం చిన్నదేమీ కాదు. తరవాత వచ్చిన చాలా వాదాలకు మూలం ఇక్కడే ఉంది.

## నేలమీద ఎండ ఎంతసేపు?

దట్టమైన సతతహరిత అడవిలో నేలదాకా చేరేది పైనున్న వెలుగులో సుమారు 1 నుంచి 2 శాతం. అందులోనూ పెద్ద వాటా ఆకుల సందుల్లోంచి కొన్ని సెకన్లో నిమిషాలో పడి పోయే ఎండచుక్కలది.

తెరపి పెద్దదైతే ఎంత మార్పు వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. చుట్టూ చెట్లు 35 మీటర్ల ఎత్తు, తెరపి గుండ్రంగా ఉంది, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదుగా వెళ్ళే రోజు. 200 చదరపు మీటర్ల తెరపికి వ్యాసార్థం 8 మీటర్లు. దాని నడిమధ్యనున్న మొక్కకు సూర్యుడు కనిపించాలంటే 77 డిగ్రీల ఎత్తుకు రావాలి. అంటే నడినెత్తికి ఇటు 13, అటు 13, మొత్తం 26 డిగ్రీలు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి నేరుగా ఎండ పడేది దాదాపు గంటా ముప్పావు. అదే 50 చదరపు మీటర్ల తెరపిలో ముప్పావు గంటకు కాస్త ఎక్కువ. 1000 చదరపు మీటర్ల తెరపిలో మూడున్నర గంటలు దాటుతుంది. సూర్యుడు దక్షిణానికో ఉత్తరానికో వాలిన నెలల్లో చిన్న తెరపి మధ్యలో నేరుగా ఎండ అసలు పడకపోవచ్చు, ఆ వెలుగు ఒక అంచునున్న చెట్ల మీదే ఆగిపోతుంది. ఒకే తెరపిలో ఉత్తరపు అంచు, దక్షిణపు అంచు ఒకేలా ఉండకపోవడానికి కారణం ఇదే.

## గింజ దగ్గరే తెరపి కావలసినవి

మొదటి ప్రశ్నకు 'అవును' అని ఖచ్చితంగా చెప్పదగ్గ చెట్లు కొన్ని ఉన్నాయి. వీటిని పయనీర్ జాతులంటారు. గింజలు నలుసంత, కాపు విపరీతం, పక్షులూ గబ్బిలాలూ దూరాలకు మోసుకుపోతాయి. నీడలో పడిన గింజ మొలవకుండా మట్టిలో ఆగిపోతుంది. ఆకుల గుండా వడపోసిన వెలుగులో ఎరుపు తగ్గి, దానికి ఆవలనున్న దూరపు ఎరుపు మిగులుతుంది. గింజలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ నిష్పత్తిని పట్టేస్తుంది. బయలు వెలుగులో ఆ నిష్పత్తి 1కి కాస్త పైన, దట్టమైన నీడలో అందులో సగానికన్నా బాగా తక్కువ. కొన్ని జాతులు దీనికి బదులు పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ మధ్య తేడాను బట్టి మొలుస్తాయి.

ఈ విషయంలో బాగా తరచి చూసిన చోటు పనామాలోని బారో కొలరాడో ద్వీపం. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు గాటున్ జలాశయం నిండి, 1914 నాటికి ఒక కొండ సుమారు 1,500 హెక్టార్ల దీవిగా మిగిలింది. స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థ దాన్ని చూసుకుంటోంది. అక్కడ బ్రోకా మూడు పయనీర్ జాతులను తెరపుల్లో ఏళ్ళ తరబడి లెక్కపెట్టి 1987లో ఫలితాలు ప్రచురించాడు. మికోనియా అర్జెంటియా 102 చదరపు మీటర్లు దాటిన తెరపుల్లో నిలదొక్కుకుంది. సెక్రోపియా ఇన్‌సిగ్నిస్‌కు 215 దాటాలి. ట్రెమా మైక్రాంథాకు 376 దాటాలి. ఎంత పెద్ద తెరపి కావాలో అంత వేగమూ ఉంది: ట్రెమా ఏడాదిలో 7 మీటర్లదాకా పెరిగింది, సెక్రోపియా 5 మీటర్లకు దగ్గరగా, మికోనియా 2.5 మీటర్లదాకా. ట్రెమా మొదటి ఏడాదే మొలవాలి, లేకపోతే దానికి చోటు లేదు. మికోనియా ఆ తరవాత కూడా కొన్నేళ్ళు కొత్తగా మొలుస్తూనే ఉండగలదు.

ఇంత పెద్ద తెరపి ఎప్పుడో గానీ పడదు. అందుకే గింజల ఓపిక అసాధారణంగా ఉంటుంది. జేమ్స్ డాలింగ్, థామస్ బ్రౌన్ ఆ దీవి మట్టిలోంచి తీసిన గింజల వయసును రేడియోకార్బన్ పద్ధతిలో లెక్కగట్టి 2009లో ప్రచురించారు. 31 ఏళ్ళుగా మట్టిలో ఉన్న ట్రెమా గింజలు అప్పటికీ మొలిచే శక్తితోనే ఉన్నాయి.

## నీడలోనే పుట్టి కాచుకునేవి

అడవిలో ఎక్కువ జాతులు ఇలా ఉండవు. వాటి గింజలు పెద్దవి, మట్టిలో నిల్వ ఉండవు. రాలిన కొద్ది వారాల్లోనో నెలల్లోనో నీడలోనే మొలుస్తాయి. గింజలోని నిల్వతో కొంతకాలం నెగ్గుకొచ్చి, ఆ తరవాత ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఎదుగుతూ కాచుకుంటాయి. మోకాలెత్తు మొక్క వయసు పదేళ్ళు దాటి ఉండటం ఇలాంటి అడవిలో వింత కాదు.

బోర్నియోలోని దనుమ్ లోయలో ఎన్. డి. బ్రౌన్, టి. సి. విట్‌మోర్ డిప్టెరోకార్ప్ (సాల వృక్షం కుటుంబానికి చెందిన పెద్దచెట్లు) మొక్కల మీద చేసిన పని (1992) ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. ఒక్కో జాతి ఒక్కో సైజు తెరపిని ఎంచుకుంటుందని అప్పటిదాకా పాఠ్యపుస్తకాల మాట. వాళ్ళకు కనిపించినది వేరు. తెరపి పడిన నాటికి ఏ మొక్క ఎక్కువ ఎత్తుందో అదే ముందుకు పోయింది. జాతి ఏదన్నదీ, తెరపి ఎంత పెద్దదన్నదీ ఆ తరవాతి సంగతులు. అంటే పందెం తెరపి పడకముందే సగం ముగిసిపోతోంది.

ఈ రెండు గుంపుల మధ్య గీత గీయడం కూడా కష్టమే. బారో కొలరాడోలోని ఆల్సీస్ బ్లాకియానా గింజ దుమ్ముకణమంత ఉంటుంది, మొలక నిలదొక్కుకోవడానికి తెరపి కావాలి. ఇంతవరకు అచ్చం పయనీర్. కానీ తెరపి మూసుకుపోయాక దాని మొక్కలు చావవు, నీడలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. అదే దీవిలో టాకిగాలి వెర్సికలర్ అనే పెద్దచెట్టు జీవితంలో ఒక్కసారే పూసి, కాసి, ఎండిపోతుంది. తల్లిచెట్టు పోయినచోట పడే వెలుగు కింద దాని పిల్లమొక్కలకే దక్కవచ్చని ఒక వివరణ. అది పూర్తిగా రుజువైందని చెప్పలేం గానీ, ఒక్క 'నీడ ఓర్చేది' అన్న ముద్రతో ఎన్ని రకాల జీవితాలను కప్పేస్తున్నామో ఇవి చూపిస్తాయి.

## ఎదురుచూపు ఫలించే అవకాశం ఎంత?

అడవి విస్తీర్ణంలో ఏటా నూటికి ఒక వంతు తెరపిగా మారుతుందనుకుందాం. చాలా ఉష్ణమండల అడవుల్లో కొలిచిన రేటు దీనికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సగటున వందేళ్ళకోసారి ప్రతిచోటా తెరపి పడుతుందని దీన్నిబట్టి అంటారు. ఆ సగటు మోసం చేస్తుంది. ఏడాదికి 99 శాతం చొప్పున వంద సార్లు గుణిస్తే 37 శాతం వస్తుంది, అంటే నూరేళ్ళు గడిచినా మూడో వంతుకు మించిన చోట్లలో ఒక్క తెరపీ పడదు. ఇంకోచోట రెండు మూడుసార్లు పడుతుంది.

ఇప్పుడు వెయ్యి మొక్కలు నీడలో ఉన్నాయనుకోండి. ఏటా వాటిలో సగం చచ్చిపోయే జాతి అయితే, చావుకన్నా ముందు తెరపిని చూసేవి దాదాపు 20. ఏటా పది శాతం చచ్చే జాతి అయితే 90. మూడు శాతమే చచ్చే జాతి అయితే 250. వెలుగు అందరికీ ఒకటే, తేడా వచ్చింది చావులో. నీడలో నెమ్మదిగా చావడమే ఇలాంటి చెట్టుకు పెద్ద ఆస్తి. దీనికి మూల్యమూ ఉంది: దిట్టమైన కాండం, మందపు ఆకులు, వేళ్ళలో నిల్వలు కట్టుకోవడంలోనే సంపాదన ఖర్చయిపోతుంది కాబట్టి ఎండ వచ్చాక పయనీర్‌తో సమానంగా పరుగెత్తలేదు. ఎండలో వేగం, నీడలో ఆయుష్షు రెండూ ఒకే చెట్టుకు దక్కకపోవడం అడవి తరవాత అడవిలో కనిపించింది.

పైకప్పుకు చేరడం ఒక్క తెరపితో అయ్యే పని కూడా కాదు. తెరపి పడుతుంది, మొక్క మీటరో రెండో లేస్తుంది, పక్కచెట్ల కొమ్మలు కమ్ముకుంటాయి, మళ్ళీ ఏళ్ళు ఆగుతుంది. ఇలా రెండు మూడు విడతల్లో పైకి చేరేవే ఎక్కువ. కాబట్టి మూడో ప్రశ్నకు నా జవాబు: దాదాపు ప్రతి పెద్దచెట్టుకూ ఎప్పుడో ఒకప్పుడు అదనపు వెలుగు కావాలి. అది నేలదాకా దిగిన తెరపే కానక్కరలేదు, నడిమి అంతస్తులో ఒక కొమ్మ విరిగినా చాలు.

## 1999 నాటి వివాదం

జూలీ డెన్స్‌లో 1980లో ఒక పరికల్పన ముందుకు తెచ్చారు. తెరపి నడిమధ్య, అంచు, కూలిన చెట్టు వేరుగుంత, దాని తలకొమ్మలు పడిన చోటు, ఇవన్నీ వేర్వేరు పరిస్థితులు. ఒక్కో జాతి ఒక్కోదాన్ని పంచుకోవడం వల్లే ఇన్ని జాతులు కలిసి ఉండగలుగుతున్నాయి. వినడానికి చక్కగా ఉంది, పరీక్షించడమే కష్టం.

స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ 1980 ప్రాంతంలో బారో కొలరాడోలో 50 హెక్టార్ల ప్లాటు వేశారు. కాండం 1 సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టునీ గుర్తించి, నంబరు వేసి, పటం మీదికి ఎక్కించారు. సుమారు 300 జాతులు, రెండు లక్షలకు పైగా కాండాలు. 13 ఏళ్ళలో పడిన 1,200కు పైగా తెరపులను పరిశీలించి హబ్బెల్ బృందం 1999లో ప్రకటించినదేమంటే: తెరపుల్లో మొక్కలు ఎక్కువే, కానీ మొక్కల సంఖ్యను సమం చేసి చూస్తే జాతుల సంఖ్యలో తేడా లేదు.

ఈ 'సమం చేయడం' అర్థం కాకపోతే వివాదమే అర్థం కాదు, కాబట్టి కల్పిత అంకెలతో చూద్దాం. తెరపిలో 200 మొక్కలు, 60 జాతులు. అంతే వైశాల్యమున్న నీడలో 80 మొక్కలు, 36 జాతులు. పైకి చూస్తే తెరపి ఎంతో వైవిధ్యంగా ఉంది. ఇప్పుడు తెరపిలోని 200 మొక్కల్లోంచి కళ్ళు మూసుకుని 80 తీసి జాతులు లెక్కపెట్టండి, అలా వెయ్యిసార్లు చేయండి. సగటు 36 దగ్గరికే వస్తే, తెరపి కొత్త రకాలనేమీ తేలేదు, ఉన్న రకాల మొక్కలను ఎక్కువ చేసింది, అంతే. దీవిలో కనిపించినది ఇదే.

కారణం కూడా వాళ్ళ లెక్కల్లోనే ఉంది. ప్లాటులో 200 గింజల వలలు కట్టి పదేళ్ళపాటు ఏరారు. పది లక్షలకు పైగా గింజలు దొరికినా, చాలా జాతుల గింజలు కొద్ది వలల్లోనే పడ్డాయి. ఎక్కువ జాతులు అడవిలో ఎక్కువ చోట్లకు చేరనే చేరవు. తెరపిలో బాగా ఎదగగలిగిన జాతి గింజ అక్కడ లేకపోతే, ఉన్నవాటిలో ఏదో ఒకటి గెలుస్తుంది. అర్హతకన్నా హాజరు ముఖ్యమైపోతుంది.

దీనిమీద వచ్చిన అభ్యంతరాలూ బలమైనవే. స్టెఫాన్ ష్నిట్జర్, వాల్టర్ కార్సన్ 2001లో చూపించినదాని ప్రకారం పయనీర్ చెట్లనూ, మానులా ముదిరే అడవితీగలనూ లెక్కలోకి తెస్తే తెరపులు వైవిధ్యాన్ని నిలబెడుతున్నాయి, నీడ ఓర్చే చెట్ల విషయంలో మాత్రం కాదు. ఆ దీవిలో నిజంగా పెద్ద తెరపులు తక్కువ, తరచూ తుపాన్లు కొట్టే అడవికి ఈ ఫలితం అలాగే వర్తిస్తుందని అనలేం. 2009లో నాడ్యా రూగర్ బృందం తెరపి ఉంది, లేదు అన్న లెక్క మానేసి, వెలుగును చోటుచోటుకీ అంచనా కట్టి చూసింది. అదే ప్లాటులో దాదాపు అన్ని జాతుల్లోనూ వెలుగు పెరిగేకొద్దీ కొత్త మొక్కలు చేరడం పెరిగింది, తేడా ఎంత పదునుగా పెరిగిందన్న దాంట్లోనే. లీబర్మన్‌ల పాత అభ్యంతరానికి ఇది బలం ఇచ్చే ఫలితం. హబ్బెల్ ఫలితం తప్పని ఇది చెప్పదు. వెలుగు అందరికీ మేలు చేస్తుంది, కానీ ఆ మేలు జాతుల మధ్య చక్కగా పంచిన వాటాలా లేదు. నా దృష్టిలో ఈ రెండూ ఒకేసారి నిజం.

## తెరపి అడవిగా మారకుండా ఆగిపోతే

వెలుగు పడితే చెట్లే రావాలని లేదు. కూలిన చెట్టుతో పాటు దాన్ని అల్లుకున్న తీగలూ నేలమీద పడతాయి, చాలావరకు చావవు. పడిన తీగ కణుపు కణుపుకీ వేళ్ళు దిగి కొత్త కొమ్మలు వేస్తుంది. చెట్టు మొక్కలు మీటరు లేచేలోపు పైన తీగల గూడు కట్టేస్తుంది. బారో కొలరాడోలోనే ఇలా పదేళ్ళు దాటినా తక్కువ ఎత్తులో ఆగిపోయిన తెరపులున్నాయి. అలాంటిచోట నీడ ఓర్చే మొక్కలు బాగా దెబ్బతింటాయి, పయనీర్లు త్వరగా పైకి పోతాయి కాబట్టి కొంత తప్పించుకుంటాయి. మన దేశపు అడవుల్లో ఆ పాత్ర తరచుగా బయటినుంచి వచ్చిన లాంటానా, క్రోమోలీనా పొదలు పోషిస్తాయి.

## తెలుగునాట అడవులకు ఇది వర్తిస్తుందా?

పైన చెప్పినదంతా తేమ ఎక్కువున్న సతతహరిత అడవి సంగతి. నల్లమల, శేషాచలం, ఆదిలాబాద్ అడవులు ఆకురాల్చేవి. ఎండాకాలంలో పైకప్పే ఉండదు, నేలమీద వెలుగుకు కొదవ లేదు. అక్కడ మొక్కను ఆపేది నీటి కరువు, నిప్పు, పశువుల మేత. నీలగిరి జిల్లా ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో మొదలుపెట్టిన 50 హెక్టార్ల ప్లాటులో చెట్ల చావులకు పెద్ద కారణాలుగా తేలినవి నిప్పు, ఏనుగులు. పనామా ప్లాటును పోలిన పద్ధతే, బయటపడిన కథ వేరు. ఇలాంటి అడవుల్లో చాలా జాతులకు పైభాగం ఏటా ఎండినా, కాలినా వేరు బతికి ఉండి, అది బలిశాక ఒక ఏడాది కాండం నిలబడుతుంది. నరికిన మోడు చిగిర్చి చెట్టవడమూ మామూలే. టేకు వంటి వెలుగు కోరే చెట్టుకు నీడ అడ్డే గానీ, నీడ తీసేసినంత మాత్రాన నిప్పు ఆగదు.

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య పెనుగాలికి వందలాది ఎకరాల్లో పదుల వేల చెట్లు పడిపోయాయి. దాన్ని పెద్ద తెరపి అనుకుంటే లెక్క తప్పుతుంది. తెరపికి చుట్టూ నిలిచిన అడవి ఉంటుంది, గింజలూ నీడా తేమా అక్కడినుంచే వస్తాయి. అంత విశాలమైన చోటులో నడిమధ్యకు ఆ ఆసరా చేరదు. అక్కడ తిరిగి వచ్చేది మూడు దారుల్లోనే: విరిగిన మోళ్ళ చిగుళ్ళు, అప్పటికే కింద ఉన్న మొక్కలు, మట్టిలోనూ గాలిలోనూ ఉన్న గింజలు. వేళ్ళతో సహా పెకలిన చెట్టుకు మొదటి దారి చాలావరకు మూసుకుపోతుంది. నికరాగ్వాలో 1988 అక్టోబరులో జోన్ తుపాను నేలమట్టం చేసిన అడవి పయనీర్ల చేతికి పోకుండా తిరిగి లేవడానికి ముఖ్య కారణం విరిగిన చెట్లే చిగిర్చడం. ఎన్ని చెట్లు పడ్డాయన్న అంకెతో పాటు ఎన్ని పెకలాయి, ఎన్ని విరిగాయి అన్నది కూడా లెక్కలో ఉంటేనే ఆ నేల భవిష్యత్తు అంచనాకు అందుతుంది.

## నరికి వెలుగు ఇచ్చిన చోట ఏం జరిగింది?

తెరపి సిద్ధాంతాన్ని కలప కోసం పెద్ద ఎత్తున వాడిన ఉదాహరణ మలయాది (నేటి మలేసియాలోని ద్వీపకల్ప భాగం). రెండో ప్రపంచ యుద్ధం తరవాత అక్కడ లోతట్టు డిప్టెరోకార్ప్ అడవుల్లో మలయన్ యూనిఫాం సిస్టమ్ అమలు చేశారు. పెద్దచెట్లన్నిటినీ ఒకేసారి కొట్టడం, అక్కరలేనివాటికి గాటుపెట్టి మందు పోసి చంపడం, కింది మొక్కలకు పూర్తి వెలుగు ఇవ్వడం. అయితే కొట్టేముందే గీత వెంబడి నడుస్తూ, ఎకరంలో వెయ్యో వంతు, అంటే సుమారు 2 మీటర్ల చదరపు గళ్ళలో పనికొచ్చే జాతుల మొక్కలు ఉన్నాయో లేదో లెక్కపెట్టేవారు. సరిపడా గళ్ళలో మొక్క ఉంటేనే గొడ్డలి. డిప్టెరోకార్ప్‌లు కొన్నేళ్ళకోసారి మూకుమ్మడిగా కాస్తాయి, గింజలు నిల్వ ఉండవు కాబట్టి, కొట్టాక గింజ పడుతుందన్న ఆశకు ఆ పద్ధతిలో చోటు లేదు.

లోతట్టున ఇది బాగానే నడిచింది. కొండవాలు అడవులకు తీసుకెళ్ళాక చెడింది. అక్కడ కింది మొక్కలు ఒకచోట గుంపుగా, ఇంకోచోట శూన్యంగా ఉన్నాయి. దుంగలు లాగే దారుల్లో ఉన్నవీ నలిగిపోయాయి. మొక్క లేనిచోట పడిన వెలుగును బెర్తం అనే కాండం లేని ముళ్ళ తాటిజాతి మొక్క ఆక్రమించింది. లోతట్టు అడవులేమో రబ్బరు, ఆయిల్ పామ్ తోటలుగా మారిపోయి, ఆ పద్ధతి రెండో కోతదాకా వెళ్ళే అవకాశం చాలాచోట్ల రానేలేదు. కొండల్లో 1970ల నుంచి ఎంచి కొట్టే పద్ధతికి మారారు. అందులోనూ ముందుగా లెక్కపెట్టేది నిలిచి ఉన్న నడివయసు చెట్లనే.